పింటూ అన్న గృహప్రవేశం

రుక్మాబాయికి కోపం వస్తే అరవదు. అరిచే మనిషితో వేగడం తేలికే, కాసేపటికి గొంతు పోయి ఊరుకుంటుంది. ఈమె కోపం వచ్చినప్పుడు మాట తగ్గించి పని పెంచుతుంది. కొట్టం పూటకు రెండుసార్లు కడుగుతుంది, బర్రెలను నున్నగా తోముతుంది. ఆ ఏడు ఫిబ్రవరి నుంచి చాంద్రాయణగుట్ట చౌరస్తా వెనక గల్లీలో ఆమె కొట్టం గుడి ముంగిలి లెక్క ఉంటోంది. మొగుడు పెంటయ్యకు ఆ శుభ్రం చూస్తేనే గుండెలో దడ.

అలాంటి మనిషి ఇంటికి శ్రావణమాసంలో ఒక పొద్దున సాయిప్రియ బొట్టు పెట్టి పిలవడానికి వచ్చింది. సాయిప్రియ అంటే బస్తీ లీడరు పింటూ భార్య. నెమ్మదైన పిల్ల, ఎవరినీ ఒక మాట అనదు.

"పెద్దమ్మా, గురువారం కొత్తింట్లకు పోతున్నం. తొమ్మిదీ పన్నెండుకు ముహూర్తం. నీ చుక్కావునే తోలుకరావాలె. మా అత్తమ్మ మరీ మరీ చెప్పింది."

చుక్క అంటే రుక్మాబాయి ఆవు. బర్రెలు పదకొండు ఉన్నా ఆవు ఒక్కటే. నుదుటి మీద తెల్లటి మచ్చ, మెత్తటి స్వభావం. ఆ చుట్టుపక్కల ఎవరు ఇల్లు కట్టుకున్నా ముందు గడప దాటేది చుక్కే. దూడతో ఉన్న ఆవు లోపల అడుగు పెట్టి, ఇల్లంతా ఒక చుట్టు తిరిగి బయటికి వచ్చాకే ఇంటివాళ్లు కుడికాలు పెడతారు. ఆవు కన్నా ముందు ఎవరూ, ఎంత గొప్పవాళ్లయినా సరే, గడప తొక్కరు.

"వస్త బిడ్డా," అంది రుక్మాబాయి. "తప్పకుండ వస్త."

మొహంలో నవ్వు కూడా ఉంది. సాయిప్రియ పొంగిపోయి, మరోసారి బొట్టు పెట్టి వెళ్లింది. పశువులకు గడ్డి వేస్తున్న పెంటయ్య చేతిలో కట్ట అట్లాగే ఆగిపోయింది. పింటూ పేరెత్తితే ఆర్నెల్లుగా పక్కకు తిరిగి ఉమ్మే మనిషి, వాడి ఇంటికి ఆవును తోలుతానంటోంది.

"రుక్మా, ఏమనుకుంటున్నవే?"

"ఏమనుకుంట. పిలిచిండ్రు, పోవాలె గద."

పెంటయ్య కట్ట విప్పి బర్రెల ముందు గడ్డి పరిచాడు.

ఇంతకీ పింటూ సంగతి చెప్పాలి. అసలు పేరు వేరే ఏదో ఉంది, అది వాళ్లమ్మ ఆగమ్మకూ ఓటరు లిస్టుకూ తప్ప ఎవరికీ గుర్తు లేదు. నలభై దగ్గర పడుతున్నా ఫ్లెక్సీల మీద ఇంకా యువనాయకుడే. చేతులు జోడించి, నల్లకళ్లద్దాలు పెట్టుకుని ప్రతి కరెంటు స్తంభానికీ వేలాడుతుంటాడు. చిన్నప్పుడు రుక్మాబాయి కొట్టంలోనే గ్లాసు పట్టుకుని నిలబడి, నురుగు పాలు తాగి మూతి తుడుచుకుని పోయేవాడు. అందుకే ఆమెకు కోపం నాలుగింతలు. పరాయివాడు చేస్తే పరాయివాడిలే అనుకోవచ్చు.

రుక్మాబాయికి ఒక్కతే కూతురు అమల. తెల్లారకముందే లేచి తల్లితో పాటు పాలు పితికి, క్యాన్లు కడిగి, ఆ తర్వాత ఫ్లైఓవర్ కింద నుంచి బండ్లగూడ దాకా పరుగెత్తి వచ్చేది. కానిస్టేబుల్ కావాలని ఆ పిల్ల పట్టుదల. రెండేళ్లు చదివింది, రెండేళ్లు పరుగెత్తింది. వయసు సరిగ్గా అంచు మీద ఉంది. ఆ నోటిఫికేషన్ తప్పితే తర్వాతి దానికి వయసు దాటిపోతుంది. పరీక్ష ఫిబ్రవరిలో ఒక ఆదివారం పది గంటలకు, సైదాబాద్‌లో ఒక కాలేజీలో. గేటు పదికి మూస్తారు, నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరు. హాల్‌టికెట్ మీదే అచ్చువేసి ఉంది.

పక్కింటి డానియేలు ఆటోలో తల్లీకూతుళ్లు ఎనిమిదిన్నరకే బయలుదేరారు. చౌరస్తా దగ్గరికి వచ్చేసరికి రోడ్డు మధ్యలో తివాచీలు పరిచి పింటూ మనుషులు కూర్చుని ఉన్నారు. రాస్తా రోకో. మోరీలోని మురుగునీళ్లు ఇళ్లలోకి వస్తున్నాయని. నిజం చెప్పాలంటే అది నిజమే. అంతకుముందు వానాకాలంలో ఆ మోరీ రుక్మాబాయి కొట్టంలోకి కూడా వచ్చి బర్రెల గిట్టలకు చీము పట్టించింది, పింటూ తెచ్చిన కాగితం మీద ఆమె కూడా వేలిముద్ర వేసింది.

అమల ఆటో దిగి, హాల్‌టికెట్ చేతిలో పట్టుకుని పింటూ దగ్గరికి వెళ్లింది.

"అన్నా, పదికి గేటు మూస్తరు. మా ఆటో ఒక్కటి వదులు. నీకు దండం పెడత."

"పది నిమిషాలమ్మా. టీవీవాళ్లు తొవ్వల ఉన్నరు. వాళ్లు రాంగనే లేస్తం. ఫికర్ చెయ్యకు."

నమ్మారు. అదే వాళ్లు చేసిన పాపం. గంట పడుతుందని చెప్పి ఉంటే అమల అప్పుడే దిగి నడిచి, అవతల వైపు ఎక్కడో ఇంకో ఆటో పట్టుకునేది. పది నిమిషాలన్నాడు కదా అని కూర్చున్నారు. పది నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ పది నిమిషాలన్నాడు. తొమ్మిది దాటాక రుక్మాబాయి తానే దిగింది. అందరూ చూస్తుండగా వాడి మోకాళ్లు పట్టుకుంది.

"అయ్యో పెద్దమ్మా, గిట్ల చెయ్యకు. లేడీస్ తక్కువున్నరు మనకు. నువ్వు గూడ జర ముందట కూసో. వాళ్లొచ్చి వీడియో తీస్కుంటే జల్దీ అయిపోతది, నీ బిడ్డను నేనే బండి మీద పంపిస్త."

రుక్మాబాయి కూర్చుంది. ఇది ఆమె ఎవరికీ చెప్పుకోలేని మాట. తన బిడ్డ దారికి అడ్డంగా తానే కూర్చుంది, చేతికి జెండా ఇస్తే పట్టుకుంది కూడా. తొమ్మిదిన్నరకు టీవీవాళ్లు వచ్చారు, కెమెరాలో ముందు వరసలో ఆమే ఉంది. వీడియో అయ్యాక కూడా పింటూ లేవలేదు. మైకులో మాట్లాడుతూనే ఉన్నాడు. ఇక అమల ఆగలేక చెప్పులు చేత్తో పట్టుకుని జనంలోంచి దూరి పరుగు తీసింది. అవతల కూడా బస్సులూ ఆటోలూ కిలోమీటరు మేర నిలిచిపోయి ఉన్నాయి. ఆ పిల్ల సైదాబాద్ దాకా పరుగెత్తింది. పదీ రెండుకు గేటు ముందు నిలబడింది. లోపలి నుంచి తాళం వేసి ఉంది. కాపలా మనిషి ఊచల్లోంచి మంచినీళ్ల సీసా అందించాడు గానీ గేటు తీయలేదు.

ఆ రాత్రి టీవీలో బస్తీ ఆడవాళ్ల ఆగ్రహం అని చూపించారు. రుక్మాబాయి జెండా పట్టుకుని ఉంది. అమల చూసింది, ఒక్క మాట అనలేదు. నెల తిరక్కుండా లాడ్ బజార్‌లో గాజుల దుకాణంలో పనికి కుదిరింది. పొద్దున పరుగు మానేసింది. తల్లి మీద కేకలు వేసి ఉంటే రుక్మాబాయికి కొంతయినా భారం దిగేది. ఆ మౌనమే ఆమెను లోపల కాల్చింది, ఆ కాలడమంతా పింటూ మీదికి మళ్లింది.

గురువారం వచ్చింది. పింటూ ఇల్లు మూడంతస్తులు, గల్లీ మలుపులో. ముందు పందిరి, మామిడి తోరణాలు, మర్ఫా డప్పులు వాయించేవాళ్లు, తెల్లచొక్కాల్లో నాయకులు. రుక్మాబాయి ఇస్త్రీ చీర కట్టుకుని, చుక్కను పసుపునీళ్లతో కడిగి, నెలన్నర పెయ్యదూడను ముందు నడిపిస్తూ ఎనిమిదీ ముప్పావుకే వచ్చింది. అమలకు చెప్పలేదు. ఆ పిల్ల దుకాణానికి వెళ్లిపోయింది.

సాయిప్రియ ఆవు కాళ్లు కడిగింది, కొమ్ములకు పసుపు రాసింది, బియ్యం బెల్లం తినిపించింది. ముసలి ఆగమ్మ వంగలేక వంగి తోకకు మొక్కింది. తొమ్మిదీ పన్నెండు కాగానే పంతులు గంట కొట్టాడు.

"గోమాతను లోపలికి పట్టండమ్మా. తొమ్మిదీ ఇరవయ్యారు దాటితే ముహూర్తం పోతుంది."

పాడివాళ్లకు తెలిసిన సంగతి ఒకటుంది. ఆవును ఎవరూ ముందుకు లాగరు. దూడను నడిపిస్తే ఆవు దానంతట అదే వెనకొస్తుంది, దూడ ఆగితే ఆవూ ఆగుతుంది. రుక్మాబాయి దూడను గడప దాకా తెచ్చింది. తెచ్చి, గడపకు ఇవతల మెట్టు మీద చతికిలపడి, దూడను రెండు మోకాళ్ల మధ్య ఇరికించుకుంది. చుక్క వచ్చి ఆమె భుజం మీదుగా తల చాచి దూడ వీపు నాకుతూ నిలబడింది.

"అమ్మా, లోపలికి," అన్నాడు పంతులు.

"పోత స్వామీ. పది నిమిషాలు."

పింటూ పట్టుపంచెలో నవ్వుతూ ముందుకు వచ్చాడు. "ఏంది పెద్దమ్మా, కాళ్లు గుంజుతున్నయా? లేపాల్నా?"

"కాళ్లు మంచిగనే ఉన్నయి బిడ్డా. రాస్తా రోకో చేస్తున్న."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పింటూ కూడా నవ్వాడు. ఆమె ఒక్కతే నవ్వలేదు.

"టీవీవాళ్లు రావాలె. వాళ్లు రాంగనే లేస్త. ఫికర్ చెయ్యకు."

మర్ఫావాళ్లు ఒక్కొక్కరే చేతులు ఆపారు. పింటూ మొహం బిగుసుకుంది. చుక్క మెడలో తాడు పట్టుకుని లాగాడు. ఆవు నాలుగు కాళ్లూ నేలకు తన్నిపెట్టి తల విదిలించింది. గడప ముందర గోవును హింసిస్తే ఇంటికి మంచిది కాదని పంతులు గాభరాగా అడ్డం వచ్చాడు. ఇద్దరు కుర్రాళ్లు రుక్మాబాయిని లేపడానికి వంగారు. అప్పటికే ఫోన్లు పైకి లేచాయి. ముసలిదాని మీద చెయ్యి వేస్తే ఆ వీడియో ఎక్కడెక్కడికి పోతుందో ఆ బస్తీలో పింటూకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. కుర్రాళ్లను వెనక్కి రమ్మని చేత్తో సైగ చేశాడు.

పంతులు గడియారం చూసుకున్నాడు. తొమ్మిదీ పంతొమ్మిది.

పింటూ ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. "పెద్దమ్మా, ఏం గావాలె నీకు? అవుతలి పార్టీవోళ్లు చెప్పిండ్రా? కొట్టం జాగ లొల్లా? ఏదున్నా నాకు చెప్పు, నేను చూస్త."

ఈ క్షణం కోసమే ఆమె ఆర్నెల్లు బతికింది. ప్రతి పొద్దునా పాలు పితుకుతూ ఈ మాటను నోట్లో నలుపుకుంది.

"నా బిడ్డ పరీక్ష తెచ్చియ్యి."

"ఏ పరీక్ష?"

రుక్మాబాయి వాడి కళ్లలోకి చూసింది. నటన కోసం వెతికింది. దొంగచూపు ఎక్కడన్నా దొరుకుతుందేమోనని వెతికింది, దొరికితే ఎంత బాగుండేదో. వాడికి నిజంగానే తెలియదు.

"చౌరస్తాల కూసున్నవ్ గద. నా అమల హాల్‌టికెట్ చూపిచ్చింది నీకు. నేను నీ మోకాళ్లు పట్టుకున్న. పక్కన కూసోమంటే కూసున్న."

"ఎప్పుడు పెద్దమ్మా? మోరీ ధర్నా అప్పుడా, కరెంటు ధర్నా అప్పుడా?"

ఆమెకు ఒళ్లంతా భగ్గుమంది. ఇన్నాళ్లూ ఆమె అనుకున్నది వేరు. వాడికి తెలుసనీ, తెలిసే చేశాడనీ, గల్లీలో ఎదురైనప్పుడు లోపల సిగ్గుపడో గర్వపడో తల తిప్పుకుంటున్నాడనీ అనుకుంది. వాడు తల తిప్పుకున్నది ఫోన్ మాట్లాడ్డానికి. తన ఇంటి బతుకును తొక్కుకుంటూ పోయినవాడికి కాలికింద ఏదో ఉందని కూడా తెలియలేదు.

"యాదిలేదా?" అంది.

"శాన ధర్నాలు చేస్తం గద పెద్దమ్మా, అందరి కోసం. గిట్ల ఒకరిద్దరికి కష్టమైతది. ముందుగాల లెవ్వు, ఆ పిల్లకు ఏదన్నా కంపెనీల నౌకరీ చూపిస్త."

రుక్మాబాయి దూడ మెడ చుట్టూ చేతులు ఇంకా గట్టిగా వేసింది.

తొమ్మిదీ ఇరవై మూడుకు సాయిప్రియ వచ్చి మెట్టు కింద నిలబడింది. చేతిలో పాలగిన్నె. కళ్లనిండా నీళ్లు. "పెద్దమ్మా, నేనేం జేసిన నీకు?"

"నా బిడ్డేం జేసింది?"

సాయిప్రియ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆ పిల్లను చూస్తే రుక్మాబాయికి జాలి వేయకపోలేదు. ఆగమ్మ ఒక మూల కుర్చీలో కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది, ఆమెను చూసినా జాలి వేసింది. అయినా లేవలేదు. ఆ రోజు చౌరస్తాలో జాలిపడ్డవాళ్లు చాలామందే ఉన్నారు, ఒక్కరూ తివాచీ మడవలేదు.

ఇరవయ్యారు అయింది. ఇరవై ఏడయింది. పంతులు గంట కింద పెట్టేశాడు.

రుక్మాబాయి దీర్ఘంగా ఊపిరి వదిలింది. ఆమె అనుకున్నది ఇంతే. ముహూర్తం పోవాలి, వాడు నలుగురిలో తన గడప ముందు తానే బయట నిలబడాలి, ఆ తర్వాత ఆవును లోపల తిప్పి ఇంటికి పోవాలి. పాపం ఆ ఆడవాళ్ల కోసమైనా తిప్పుదామనే అనుకుంది.

అంతలో పంతులు సంచిలోంచి పంచాంగం తీసి, వేలు తడి చేసుకుని రెండు పుటలు తిప్పాడు. "పదకొండూ నలభైకి ఇంకో లగ్నం ఉంది బాబూ. దీనికన్నా బలమైనదే."

పింటూ మొహం విచ్చుకుంది. లేచి పంచె సర్దుకుని, జనం వైపు తిరిగి చేతులూపాడు. "ఏం గాలే, ఏం గాలే. అందరు టిఫిన్లు చెయ్యుండ్రి. మంచి లగ్నం ముందుందట."

మర్ఫా మళ్లీ మొదలైంది. ఎవరో ఇడ్లీల గంప తెరిచారు.

రుక్మాబాయి ఆ గంపనూ, ఆ నవ్వులనూ చూసింది. వీడికి ముహూర్తం పోతే రెండు గంటల్లో ఇంకోటి. దీనికన్నా బలమైనది. తన పిల్ల గేటు ఊచలు పట్టుకుని రెండు నిమిషాల కోసం గోజారిందే, దానికి ఏ పంచాంగంలోనూ ఇంకో పుట లేకపోయింది.

లేచి నిలబడింది. దూడను మోకాళ్ల మధ్యనుంచి వదిలి, చెవి పట్టుకుని, ఇంటివైపు కాకుండా గల్లీవైపు తిప్పింది. చుక్క కూడా గడపకు వీపు పెట్టి తిరిగింది.

"అమ్మా, వద్దు," పంతులు అరిచాడు. "తిప్పొద్దు, తిప్పొద్దు."

పింటూకు అప్పటికీ అర్థం కాలేదు గానీ ఆగమ్మకు అర్థమైంది. ఆ చుట్టుపక్కల పాడివాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. ఆవు గడప దాకా వచ్చి వెనక్కి మళ్లిన ఇంటికి ఇంకెవరూ తమ ఆవును తోలరు. తోలితే తమ కొట్టంలో పాలు ఎండుతాయని భయం. ఆగమ్మ కుర్చీలోంచి లేచి వచ్చేలోపు చుక్క పందిరి దాటింది.

"పక్క గల్లీ ఆండాలు ఆవును తెప్పిస్త," అని పింటూ వెనకనుంచి కేకేశాడు. "నీ ఒక్కదానికే ఉందా ఆవు?"

రుక్మాబాయి వెనక్కి చూడలేదు. "తెప్పిచ్చుకో బిడ్డా. ఇగ నేను యాదుంట నీకు."

ఆండాలు రాలేదు. ఆమె కొట్టానికి ముగ్గురిని పంపినా తలుపు తీయలేదు. చివరికి పంతులే ఉపాయం చెప్పాడు. ఒక కుర్రాడు బండి మీద చార్మినార్ వైపు పోయి, వెండి ఆవూదూడ బొమ్మ కొనుక్కొచ్చాడు. అరచేయంత ఉంది. పదకొండూ నలభైకి సాయిప్రియ దాన్ని పళ్లెంలో పెట్టుకుని గడప దాటింది, వెనక పింటూ దాటాడు. ఆ సాయంత్రానికే బస్తీ వాడికి బొమ్మావు పింటూ అని పేరు పెట్టింది. ఫ్లెక్సీ మీద ఏం రాసుకున్నా ఇక గల్లీలో పిలిచేది అదే.

మధ్యాహ్నం మూడింటికే అమల ఇంటికి వచ్చేసింది. దుకాణంలో ఎవరి ఫోన్‌లోనో తల్లి కనిపించిందట. వస్తూనే తల్లి ఎదురుగా నేల మీద కూర్చుంది.

"మొత్తం చెప్పమ్మా. మొదటికెల్లి చెప్పు."

రుక్మాబాయి చెప్పింది. రాస్తా రోకో అన్న మాట దగ్గర అమల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. టీవీవాళ్లు రావాలె అన్న దగ్గర ఆపుకోలేక నవ్వేసింది. ఆర్నెల్ల తర్వాత నవ్వింది ఆ పిల్ల. బొమ్మ ఆవు సంగతి పెంటయ్య అందుకుని చెప్తే పొట్ట పట్టుకుని దొర్లింది, నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. రుక్మాబాయి కంచం పెట్టి అన్నం వడ్డించింది. వాణ్ని గడప బయట ఇంకా రెండు గంటలు నిలబెట్టి ఉంటే ఇంకా నవ్వేది కదా అనిపించింది.

అమల కంచం దగ్గరికి లాక్కుంది. ముద్ద కలుపుతూ ఆగింది.

"అమ్మా, నా పేరు చెప్పినప్పుడు ఏమన్నడు? యాదికున్ననా వానికి?"

పెంటయ్య తల తిప్పుకుని బయటికి పోయాడు. అతను కూడా అక్కడ జనంలో ఉన్నాడు, అతనికి అంతా వినబడింది.

రుక్మాబాయి పప్పుగిన్నెలో గరిటె తిప్పింది. "ఎందుకుండవ్ బిడ్డా. నీ పేరు ఎత్తంగనే మొఖం మాడిపోయింది వానికి. హాల్‌టికెట్ సంగతి నేను చెప్పలే, వాడే తీసిండు. ఆ దినం నుంచి నిద్ర పడ్తలేదు పెద్దమ్మా అన్నడు."

"నిద్ర పడ్తలేదా?"

"పడ్తలేదట."

అమల తల ఊపింది. "పట్టొద్దు," అంది. ముద్ద నోట్లో పెట్టుకుని, ఇంకొంచెం పప్పు వెయ్యమని కంచం జరిపింది. రుక్మాబాయి వడ్డించి ఆ పక్కనే కూర్చుంది. అమల మళ్లీ అడిగితే వాడు ఇంకేమన్నాడని చెప్పాలో ఆలోచించుకుంటోంది.